గొంతు దిగిన ముక్క

ఫ్రాన్సులోని మోంత్రివెల్ ఊరికి వచ్చిన పదకొండు రోజుల్లో సవేతాకి రాని కష్టం లేదు గానీ, ఆకలి కష్టం మాత్రం రాలేదు. చీజ్ తయారీ నేర్పే బడిలో ఆకలేమిటి! పొద్దున రొట్టె మీద చీజ్, పదింటికి తరగతిలో చీజ్, మధ్యాహ్నం కూరయ్యాక మళ్లీ చీజ్. ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు మదాం జాక్‌మే అయితే సాయంత్రం సూపులో కూడా ఓ గుప్పెడు తురిమి పడేసేది. "తినమ్మా, తిను. ఒంట్లో ఇంత కొవ్వు లేకపోతే ఈ జురా కొండల చలి నిన్ను ఎముకలతో సహా నమిలేస్తుంది," అనేది.

మిగతా కష్టాలన్నీ వరసగా వచ్చాయి. రొట్టెల కొట్లో నమస్కారం పెట్టకుండా రొట్టె అడిగినందుకు, కొట్టావిడ మూడుసార్లు "బోన్జూర్" అని, సవేతా నోటితో కూడా అనిపించి గానీ రొట్టె చేతికివ్వలేదు. పన్నెండు దాటితే ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకుని భోంచేస్తుందని తెలియక బ్యాంకు ముందు రెండు గంటలు వానలో నిలబడింది. తరగతిలో పిల్లలు మాట్లాడుకునే వేగానికి ఆమె నేర్చుకొచ్చిన ఫ్రెంచి మొదటిరోజే చేతులెత్తేసింది. అన్నిటికీ ఓర్చుకుంది. ఇరవై రెండేళ్ల పిల్ల, మూడేళ్లు వరసగా దరఖాస్తు పెడితే ఈ ఏడు సీటొచ్చింది. వానకీ బోన్జూర్‌కీ జడిసి వెనక్కెళ్లే రకం కాదు.

అలాంటి పిల్ల సెప్టెంబరు పద్నాలుగున పొద్దున్నే మంచినీళ్లు కూడా ముట్టకుండా బడికి బయల్దేరింది.

ఆ రోజు సవేతా వాళ్లకి సిలువ పండుగ. పేరుకి పండుగే గానీ తిండి పండుగ కాదు. రుమేనియా ఉత్తరాన, సవేతా వాళ్ల కొండ ఊళ్లో ఆ రోజు పొద్దు గుంకే దాకా పెద్దవాళ్లు ఏమీ తినరు. తినక తప్పని వాళ్లు కూడా పాలు, వెన్న, మాంసం వాసన చూడరు. సవేతా చిన్నప్పటి నుంచీ ఆ ఒక్కపొద్దును అరకొరగానే చేసేది. పదయ్యేసరికి పశువుల కొట్టం వెనక్కి పోయి ఏ యాపిల్ పండో నమిలి, మూతి తుడుచుకుని వచ్చేది. ఈ ఏడు మాత్రం ఆ ఆటలు కుదరవు. ఆ రోజే, యాషీ నగరంలోని ఆస్పత్రిలో, ఆమె తమ్ముడు గవ్రీల్‌కి గుండె ఆపరేషన్. వాడికి పద్నాలుగేళ్లు.

తండ్రి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. వాళ్లమ్మ ప్రొఫీరా ఆస్పత్రి తేదీ చెప్పగానే చర్చికి పరిగెత్తి మొక్కుకుంది. ముందురోజు ఫోనులో కూతురికి అదే చెప్పింది.

"ఇద్దరం ఉంటామని మొక్కానే. నువ్వూ నేనూ. సిలువ రోజు పొద్దు గుంకే దాకా గుక్కెడు నీళ్లు కూడా తాగం, నా పిల్లాణ్ణి నాకిచ్చెయ్యి స్వామీ అన్నాను. ఇద్దరం ఉంటేనే మొక్కు. ఒకరు తప్పినా తప్పినట్టే."

"ఉంటాను లేమ్మా."

"నీ యాపిల్ పళ్ల సంగతి నాకు తెలీదనుకోకు."

"అమ్మా! ఉంటానన్నాగా."

తర్వాత ఫోను గవ్రీల్ లాక్కున్నాడు. వాడి గొంతు అప్పుడే మారుతోంది, ఒక మాట మగాడిది, ఒక మాట పిల్లాడిది. "అక్కా, నాకేదో అయిందని నువ్వు సంచీ సర్దుకుని వచ్చేశావనుకో, బతికున్నంతకాలం నీతో మాట్లాడను. ముందే చెప్తున్నా," అన్నాడు. సవేతా నవ్వింది. ఫోను పెట్టేశాక చాలాసేపు మంచం మీద అలాగే కూర్చుంది.

ఇక్కడే ఉంది చిక్కంతా. ఆ బడిలో చదువంటే సగం రోజులు తరగతి, సగం రోజులు ఎవరో ఒక చీజ్ యజమాని దగ్గర పని. పనిచ్చే యజమాని దొరక్కపోతే సీటు రద్దు. దానికి గడువు సరిగ్గా పద్నాలుగో తేదీ సాయంత్రం. తరగతిలో ఎనిమిదిమందికి మేనమామలో తాతలో, తాతగారి పేకాట స్నేహితులో ఎవరో ఒకరు చుట్టుపక్కల డెయిరీల్లో ఉన్నారు. మొదటి వారంలోనే వాళ్ల పని అయిపోయింది. మిగిలింది ఇద్దరు: సవేతా, లియోన్ నుంచి వచ్చిన మాయెల్. మిగిలిన చోటు ఒక్కటి: బూవ్రే గారు చీజ్‌లు మాగబెట్టే నేలమాళిగ. మాయెల్‌కి అది రాకపోతే లియోన్‌లో అత్త నడిపే చీజ్ దుకాణం ఉంది. ఏడ్చుకుంటూనైనా అక్కడికి పోగలదు. సవేతాకి ఉన్నది వెనక్కి పోయే బస్సు ఒక్కటే.

బూవ్రే గారు పద్నాలుగో తేదీ పదింటికి ఇద్దర్నీ రమ్మన్నాడు. చీజ్ రుచి చూడ్డానికి.

సవేతాకి అది సరిగ్గా ఒక్కపొద్దు రోజు. ఎవరికైనా చెప్పి తేదీ మార్పించుకుందామా అనుకుంది. కానీ చేరిన రోజే బడివాళ్లు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: మతం, ఆచారం గేటు బయటే వదిలి రావాలని. ఆ కాగితం అసలు అర్థమేమిటో మదాం జాక్‌మేని అడిగింది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, "ఇక్కడ దేవుడికి ప్రవేశం లేదమ్మాయ్. నాకూ నచ్చదు, కానీ ఆ గొడవ ఎత్తినవాళ్లని వింతగా చూస్తారు. నువ్వసలే కొత్త," అంది. దాంతో సవేతా నోరు కట్టేసుకుంది. తనకు తోచిన ఉపాయం తను పన్నుకుంది. నములుతుంది, మింగదు. మింగనంతసేపు ఒక్కపొద్దు చెడదు. మొక్కుకు చట్టం రాసే పని ఆమెకెవరూ అప్పగించలేదు గానీ, అవసరం వస్తే మనిషి దేవుడి తరఫున కూడా సంతకం పెట్టేస్తాడు.

నేలమాళిగ ఊరి చివర కొండలోకి తొలిచి ఉంది. లోపల చలి, తడి, ముక్కు అదిరిపోయే ఘాటు. రెండువైపులా చెక్క బల్లలు కప్పుదాకా, వాటి మీద బండిచక్రమంత చీజ్‌లు వేలకు వేలు. ఒక్కోటి నలభై కిలోలు. బూవ్రే గారికి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, మోచేతుల దాకా ఎర్రగా ఉప్పునీళ్లకు కమిలిపోయిన చేతులు. బోన్జూర్ అయ్యాక ఆయన ఎక్కువ మాట్లాడలేదు.

సవేతా చివరి ప్రయత్నం చేసింది. "అయ్యా, నాకు... రేపు పెడతారా? ఇవాళ కడుపు బాలేదు."

"రేపు నేను పై కొండకి పోతున్నా. సాయంత్రంలోగా బడికి పేరు చెప్పాలి." ఆయన ఆమెను పైకీ కిందికీ చూశాడు. "కడుపు బాలేనివాళ్లకి ఈ పని అచ్చిరాదమ్మాయ్. రోజూ నలభై ముక్కలు మింగాలి. ఏం, వెళ్తావా?"

"లేదు లేదు. బాగానే ఉంది."

మాయెల్ పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. సవేతా గడియారం చూసుకుంది. పదీ అయిదు. యాషీలో పదకొండూ అయిదు. గవ్రీల్‌ని లోపలికి తీసుకెళ్లి మూడు గంటలు దాటింది. వాడి ఛాతీ ఈ పాటికి తెరిచి ఉంటారు. ఆ ఆలోచన రాగానే బల్ల అంచు పట్టుకుంది.

బూవ్రే గారు మొదటి చక్రాన్ని ఇనుప గొట్టం పిడితో టకటకా కొట్టి విన్నాడు. గొట్టాన్ని లోపలికి గుచ్చి, ఒక తిప్పు తిప్పి, వేలెడు పొడవు ముక్క బయటికి తీశాడు. చెరో కొస విరిచి ఇచ్చి, పైచెక్కున్న చివరను మళ్లీ రంధ్రంలోనే బిరడాలా నొక్కేశాడు.

"వాసన చూడండి. నమలండి. మింగండి. తర్వాత చెప్పండి. నగరాల్లో కొందరు ఉమ్ముతార్ట. నా దగ్గర అవి చెల్లవు. చీజ్ సగం నోట్లో మాట్లాడుతుంది, సగం గొంతు దిగాక."

సవేతా ముక్కను వేళ్ల మధ్య నలిపింది. పసుపు రంగు, వెచ్చటి గడ్డి వాసన. నోట్లో పెట్టుకుంది. పెట్టుకోవడమే పాపమైంది. ముందురోజు సాయంత్రం నుంచీ ఖాళీగా ఉన్న నోరు ఒక్కసారిగా ఊరి, లాలాజలం పెదవుల దాకా వచ్చింది. నమిలింది. గొంతు తనంత తానే మింగబోయింది. ఆమె దగ్గు వచ్చినట్టు వంగి, రుమాలు మూతికి అడ్డం పెట్టి, అంతా అందులోకి ఉమ్మేసి జేబులో కుక్కుకుంది.

"వేసవి పాలు," అంది. "ఎత్తు మీద మేసిన ఆవులు. పువ్వులున్న గడ్డి."

"ఊఁ," అన్నాడాయన. మాయెల్ కూడా అదే చెప్పింది, ఇంకా చక్కటి మాటల్లో.

రెండోది పాలిపోయి ఉంది. శీతాకాలం పాలు, ఎండుగడ్డి. ఇంటి దగ్గర పుట్టినప్పటి నుంచీ పాల మధ్య పెరిగిన ముక్కు, అది ఆమెను మోసం చేయలేదు. మళ్లీ దగ్గు, మళ్లీ రుమాలు. ఈసారి మాయెల్ చూసేసింది. బూవ్రే గారు నిచ్చెన తేవడానికి అటు తిరగ్గానే దగ్గరికి జరిగి గుసగుసగా అడిగింది.

"ఏయ్, ఏంటిది? మింగట్లేదు నువ్వు!"

"దగ్గొస్తోంది."

"నా చెవిలో పువ్వు పెట్టకు. రెండుసార్లూ అదే టైముకా దగ్గు?"

"మాయెల్, నీకు దణ్ణం పెడతా. చెప్పకు."

మాయెల్ చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. పోటీలో ఉన్న పిల్ల, నోరు తెరిస్తే పని ఆమెదే, అయినా చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. బూవ్రే గారు నిచ్చెన గోడకి ఆనించి, దాని మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆ జేబులోది తియ్యి."

సవేతా జేబు మీద చెయ్యి వేసి నొక్కుకుంది.

"నీకే చెప్తున్నా, రుమేనియా అమ్మాయ్. తియ్యి."

తీసింది. తడిసి ముద్దైన రుమాలు, అందులో నమిలిన చీజ్. ఆయన ఇటు తిరిగి దాన్ని చూశాడు. ముఖం ఎర్రబడలేదు. ఎర్రబడితే బాగుండేది. ఎవరో చెంప మీద కొట్టినట్టు చిన్నబోయింది.

"పద్దెనిమిది నెలలు. వారానికి రెండుసార్లు ఈ చేతుల్తో తిప్పాను, తుడిచాను. నా భార్య చనిపోయిన వారం కూడా మానలేదు. నీకు రోతగా ఉందా?"

"లేదయ్యా! రోత కాదు..."

"మరేంటి?"

చెప్పొచ్చు. ఇదిగో ఇలా నా తమ్ముడు బల్ల మీద ఉన్నాడు, మా అమ్మ మొక్కుకుంది అని చెప్తే చాలు. ఆయనకి కళ్లలో నీళ్లు తిరుగుతాయి కూడా. పనిచ్చేస్తాడు కూడా. సరిగ్గా అందుకే ఆమె నోరు పెగల్లేదు. వాడి తెరిచిన గుండెను అడ్డం పెట్టుకుని కొలువు అడుక్కోవడమా? తల తీసేసినట్టనిపించింది.

"చెప్పడానికేం లేకపోతే పైకి వెళ్లు. తలుపు దగ్గరగా వేసి పో, చలి పోతుంది."

ఆమె కదల్లేదు. వెళ్తే అయిపోయింది. సాయంత్రానికి సీటుండదు. బతికి బయటపడితే గవ్రీల్‌కి ఏం చెప్పాలి? నీకోసం తినకుండా ఉండి వెనక్కొచ్చేశానురా అనా? వాడన్న మాట వాడు నిలబెట్టుకుంటాడు, అసలే మొండి వెధవ. వాడు బతక్కపోతే... ఆ సగాన్ని ఆమె మనసు ముట్టుకోలేదు.

"ఇంకోటి ఇవ్వండి," అంది. రుమాలు మడిచి పిడికిట్లో పెట్టుకుంది. "ఒక్కటి. మింగుతాను."

బూవ్రే గారు మూడో చక్రంలోకి గొట్టం దింపాడు.

సవేతా ముక్కను నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నమిలి, మింగేసింది. స్వామీ, నన్ను చూడు, వాణ్ణి వదిలెయ్యి అనుకుంది. నన్నేం చేసుకున్నా సరే. ఆ మాట పూర్తయ్యే లోపలే ఇంకొకటి జరిగింది. దానికే ఆమె తర్వాత ఎక్కువ సిగ్గుపడింది. ఆ ముక్క అమృతంలా ఉంది. పుట్టి బుద్ధెరిగాక అంత రుచైన తిండి తినలేదు. వేయించిన బాదం, వెన్న, వాన పడ్డ గడ్డి, అన్నీ ఒక్కసారి గొంతులోకి జారాయి. ఒళ్లంతా లేచి కూర్చుని ఇంకోటి, ఇంకోటి అని అడిగింది. తమ్ముడు అక్కడ చావుబతుకుల్లో ఉంటే తన నాలుక ఇక్కడ పండగ చేసుకుంటోంది.

"బావుంది," అంది మాయెల్ ముందుగా. "దోషమేమీ లేదు. ఏడాది దాటిన వేసవి చీజ్."

సవేతా ఆగింది. రుచి దిగిపోయింది. దిగిపోయిన చోట, నాలుక మొదట్లో, సన్నగా ఏదో మిగిలింది.

"చేదుంది," అంది. "ముందు లేదు. ఇప్పుడొస్తోంది. చివర్లో. ఉప్పు తక్కువై ఉండాలి, లేకపోతే పాలు ఆలస్యంగా వచ్చి ఉండాలి."

ఆయన గొట్టం తుడుచుకున్నాడు. "పాలు ఆలస్యంగా వచ్చాయి. పోయినేడు జూన్లో డెయిరీ బండి చెడిపోయింది. అలాంటివి పన్నెండున్నాయి. పైకి ఏమీ తెలీదు, దిగాకే తెలుస్తుంది." నిచ్చెన పక్కకి తీస్తూ, "రేపు నేనుండను. ఎల్లుండి ఆరింటికల్లా రా. ఆలస్యమైతే తలుపు తియ్యను," అన్నాడు.

బయట ఎండలోకి వచ్చాక మాయెల్ ఆమె భుజం మీద చరిచింది, కాస్త గట్టిగానే. "నేను చెప్పలేదు. గుర్తుంచుకో." కళ్లు తుడుచుకుంటూ దిగువకు వెళ్లిపోయింది. సవేతా ఆమెకు ధన్యవాదాలు కూడా చెప్పలేకపోయింది. నేలమాళిగలో సిగ్నల్ అందని ఫోను అప్పుడే ప్రాణం వచ్చి జేబులో గింజుకుంటోంది.

అమ్మ.

"ఇంకా లోపలే ఉన్నాడే," అంది ప్రొఫీరా. గొంతు అరిగిపోయింది. "ఏదో రక్తం ఎక్కువ పోయిందంటున్నారు. ఎవరూ సరిగా చెప్పరు. సవేతా, నేను... నేను తప్పానే."

"ఏమైంది?"

"వరండాలో కళ్లు తిరిగి పడ్డాను. లేచేసరికి ఆ నర్సు పిల్ల నా నోట్లో పాలు పోస్తోంది. తీపి పాలు. వద్దు అనేలోపే రెండు గుక్కలు దిగిపోయాయి. దిగాక తుపుక్కున ఉమ్మాను, ఏం లాభం? అది జరిగిన పది నిమిషాలకే డాక్టరు బయటికొచ్చి రక్తం సంగతి చెప్పాడు. నా వల్లే, నా వల్లే తల్లీ..."

"అమ్మా, ఏడవకు. నువ్వు కావాలని తాగలేదుగా."

"నువ్వున్నావా?" ప్రొఫీరా ఏడుపు ఆపేసింది. "నిజం చెప్పు. నువ్వున్నావా ఒక్కపొద్దు? నువ్వొక్కదానివైనా ఉంటే ఆయన సరిపెట్టుకుంటాడే. ఉన్నావా?"

సవేతా నాలుక మొదట్లో ఆ చేదు ఇంకా ఉంది.

"ఉన్నానమ్మా," అంది. "పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు."

అవతల పెద్ద ఊపిరి వినిపించింది. "బతికించావు తల్లీ. అలాగే ఉండు. పొద్దు గుంకే దాకా అలాగే ఉండు," అని ఫోను పెట్టేసింది.

తర్వాతి మూడు గంటలు సవేతా ఎలా గడిపిందో సరిగా చెప్పలేం. గదికి పోయింది. మదాం జాక్‌మే పని దొరికిందని విని కేక వేసి, ముద్దులు పెట్టి, భోజనానికి రమ్మంది. వద్దంటే ముఖం మాడ్చుకుంది. సవేతా మళ్లీ ఊళ్లోకొచ్చింది. కొట్లు మూసేసి ఉన్నాయి, వీధి మొత్తం మీద ఫోర్కుల చప్పుడు. కాలువ గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. వేలు గొంతులోకి పెట్టుకుని కక్కుదామని కూడా చూసింది, రాలేదు. అమ్మ తాగింది తెలియక. తను తిన్నది తెలిసి. పైగా ఇష్టపడి. పైగా అబద్ధం చెప్పి. దేవుడనేవాడు లెక్క చూసేవాడే అయితే ఇందులో ఏ ఒక్కదానికీ ఆయన ఊరుకోడు. ఊరుకోకపోతే కోసేది తన గొంతు కాదు, వాడిది. ఫోను చేతిలోనే పట్టుకుంది. అరచేతి చెమటకి దాని అద్దం మసకబారింది.

రెండూ పది దాటాక మోగింది.

"తెచ్చారే! బయటికి తెచ్చారు!" ప్రొఫీరా అరుస్తోంది. వెనకాల ఎవరో ఆమెను నెమ్మది నెమ్మది అంటున్నారు. "కళ్లు తెరిచాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. రక్తం ఆగిపోయిందట, గుండె చక్కగా కొట్టుకుంటోందట. ఆ డాక్టరు చేతులు ముద్దెట్టుకున్నాను, పాపం సిగ్గుపడి పారిపోయాడు."

సవేతా గట్టు మీదే నేల మీద కూలబడింది. ఏడుపు కూడా రాలేదు. నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటూ ఉండిపోయింది.

"నీ వల్లేనే," అంటోంది తల్లి. "నేను తప్పినా నువ్వు నిలబడ్డావు. ఆదివారం చర్చిలో అందరి ముందూ చెప్తాను. పాదిరీ గారికి చెప్తాను. నా కూతురు దేశం కాని దేశంలో, చీజ్ మధ్యలో కూర్చుని..."

"అమ్మా, వద్దు."

"ఎందుకొద్దు? చెప్పకుండా ఎలా..."

"అమ్మా, నేను తిన్నాను."

అవతల ఆస్పత్రి చప్పుళ్లు. ఏదో బండి చక్రాలు కిర్రుమంటూ పోయాయి.

"పదిన్నరకి తిన్నాను. నువ్వు ఫోను చెయ్యక ముందే. పని కోసం. మింగాను. నీకు అబద్ధం చెప్పాను."

సవేతా తిట్ల కోసం కళ్లు మూసుకుని ఎదురుచూసింది.

"తెలుసు," అంది తల్లి.

"ఏంటి?"

"అప్పుడే తెలుసు. నిజంగా ఒక్కపొద్దున్నదానివైతే ఆకలేస్తోందమ్మా అని నా ప్రాణం తీసేదానివి. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని ఆ పెద్దమనిషి మాటలు నీకెక్కడివే? నిన్ను కన్నదాన్ని కానా నేను?"

"మరి అప్పుడేమీ అనలేదేం?"

"ఏమనమంటావు? వాడు లోపల, నేను బయట, ఒంటరిగా. ఎవరో ఒకరు ఉన్నానని అనాలి నాతో. నువ్వన్నావు. నమ్మాను." ముక్కు చీదుకుంది. "తెలిసే నమ్మాను. లేకపోతే ఈ మూడు గంటలూ ఆ గోడకేసి తల బద్దలు కొట్టుకునేదాన్ని."

ఇప్పుడొచ్చింది సవేతాకి ఏడుపు. గట్టు మీద కుక్కను తిప్పుతున్న ముసలాయన "బోన్జూర్" అనబోయి, ఆమెను చూసి, టోపీ మాత్రం ఎత్తి పక్కనుంచి వెళ్లిపోయాడు.

"ఇంతకీ ఏం తిన్నావు?" అడిగింది ప్రొఫీరా.

"చీజ్."

"బావుందా?"

"చాలా బావుందమ్మా," అంది సవేతా వెక్కుతూ. "చాలా చాలా బావుంది."